మౌంట్ యూనియన్ యార్డు: రెండు గేజిలు కలిసిన చోట

మామూలు యార్డులో బండి వస్తుంది, వ్యాగన్లు విడగొడతాం, వెళ్ళాల్సిన దారిని బట్టి మళ్ళీ కలిపి పంపించేస్తాం. సరుకు జోలికి ఎవరూ పోరు. గేజి (రెండు పట్టాల మధ్య దూరం) మారే స్టేషన్‌లో అలా కుదరదు. అక్కడ బండి ఆగాల్సిందే, సరుకు దిగాల్సిందే. పక్క లైన్లో ఇంకో గేజి వ్యాగన్ ఖాళీగా ఉంటే పని నడుస్తుంది, లేకపోతే వచ్చిన బండి లోడుతో అలాగే నిలబడుతుంది. గుంతకల్లు, బెజవాడ లాంటి జంక్షన్లలో మీటర్‌గేజి, బ్రాడ్‌గేజి రెండూ ఉన్న కాలంలో పనిచేసిన పాత ఉద్యోగులకి ఈ టెన్షన్ గురించి విడమరచి చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లా నౌపడలో కూడా అప్పట్లో ఇదే పరిస్థితి. పర్లాకిమిడి రాజావారు వేయించిన 762 మిల్లీమీటర్ల చిన్న లైను 1900 నుంచి అక్కడే బ్రాడ్‌గేజిని కలిసేది.

నేను ఆపరేటింగ్ విభాగంలో, ఎక్కువ కాలం యార్డుల్లోనే పనిచేశాను. అందుకే పాత రైల్వేల గురించి చదివేటప్పుడు ఇంజన్ల అందం కంటే ముందు యార్డు లేఅవుట్ మీదే నా కళ్ళు పడతాయి. అలా చదివిన వాటిలో నన్ను బాగా ఆలోచింపజేసింది అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఉన్న ఈస్ట్ బ్రాడ్ టాప్ రైల్‌రోడ్. 53 కిలోమీటర్ల మెయిన్ లైను, మూడడుగుల గేజి, మొదటి నుంచి చివరిదాకా ఆవిరి ఇంజన్లే దాని ప్రధాన బలం. అమెరికాలో ఇలాంటి చిన్న గేజి లైన్లు 1870ల్లో జోరుగా పుట్టాయి. 1940లు వచ్చేసరికి చాలావరకు పెద్ద గేజికి మారాయి, లేదా పట్టాలు పీకేసుకున్నాయి. ఈ లైను మాత్రం గేజి మార్చుకోకుండా, బొగ్గు మోస్తూ, 1956 దాకా వ్యాపారంలో నిలబడింది. ఎలా నిలబడిందన్నదే ఈ కేస్ స్టడీ. దానికి జవాబు ఇంజన్లలో కంటే మౌంట్ యూనియన్ అనే ఊళ్ళోని దాని యార్డులో ఎక్కువ దొరుకుతుందని నా అభిప్రాయం.

లైను, సరుకు

కంపెనీకి చార్టర్ (అనుమతి పత్రం) 1856లోనే వచ్చినా పనులు మొదలైంది 1872లో. మౌంట్ యూనియన్ నుంచి ఆర్బిసోనియా దాకా 18 కిలోమీటర్లు 1873లో తెరిచారు. అక్కడి నుంచి కొండల్లోని రాబర్ట్స్‌డేల్ బొగ్గు గనుల దాకా ఇంకో 30 కిలోమీటర్ల పైచిలుకు 1874లో పూర్తయింది. దారిలో రెండు సొరంగాలున్నాయి, సైడ్‌లింగ్ హిల్ ఒకటి, రేస్ హిల్ ఇంకొకటి. కొండ ప్రాంతంలో తక్కువ ఖర్చుతో, ఇరుకైన మలుపులతో లైను వేయాలంటే చిన్న గేజి మంచిదని అప్పట్లో అందరూ నమ్మారు. ఇంజనీరింగ్ పరంగా అది తప్పు లెక్క కాదు. ఆ లెక్కలో మౌంట్ యూనియన్ ఖర్చు కలవలేదంతే.

మౌంట్ యూనియన్‌లో జునియాటా నది పక్కన పెన్సిల్వేనియా రైల్‌రోడ్ మెయిన్ లైను వెళ్ళేది. ఫిలడెల్ఫియా నుంచి పిట్స్‌బర్గ్ వెళ్ళే దారి, అమెరికాలోని అతి రద్దీ లైన్లలో ఒకటి. దాని గేజి 1435 మిల్లీమీటర్లు. మన చిన్న లైను గేజి 914. గనుల్లో పుట్టిన బొగ్గు ఊళ్ళు దాటి బయట మార్కెట్‌కి వెళ్ళాలంటే ఈ రెంటి మధ్య గీత దాటక తప్పదు.

బొగ్గు కాకుండా మౌంట్ యూనియన్‌కి ఇంకో బలం ఉండేది. ఉక్కు కొలుముల పైకప్పులకి వాడే సిలికా ఇటుకలు తయారుచేసే పెద్ద ఫ్యాక్టరీలు ఆ ఊళ్ళోనే ఉన్నాయి. హార్బిసన్ వాకర్, జనరల్ రిఫ్రాక్టరీస్ లాంటి కంపెనీలవి. ఆ ఇటుకలకి కావలసిన గానిస్టర్ రాయినీ, బట్టీలకి కావలసిన బొగ్గునీ ఈ చిన్న రైలే తెచ్చి ఇచ్చేది. ఈ సరుకు గేజి గీత దాటాల్సిన పనే లేదు, చిన్న గేజి వ్యాగన్ నేరుగా ఫ్యాక్టరీ ఆవరణలోకే వెళ్ళిపోతుంది. యార్డు మాస్టర్‌కి ఇంతకంటే సుఖమైన ట్రాఫిక్ ఉండదు. బయటికి వెళ్ళే బొగ్గుతోనే అసలు చిక్కు.

గేజి తేడాకి చెల్లించే మూల్యం

ట్రాన్స్‌షిప్‌మెంట్ (ఒక గేజి వ్యాగన్ నుంచి ఇంకో గేజి వ్యాగన్‌కి సరుకు మార్చడం) ఖర్చు అనగానే అందరికీ కూలి గుర్తొస్తుంది. కూలి పెద్దదే, కానీ అంతకంటే పెద్దది వ్యాగన్ల ఎదురుచూపు. చిన్న గేజి వ్యాగన్లు లోడుతో నిలబడి ఉంటే గనిలో ఖాళీలు లేక తవ్వకం ఆగుతుంది. పెద్ద గేజి వ్యాగన్లు ఖాళీగా నిలబడి ఉంటే వాటి సొంతదారు రైల్వేకి రోజువారీ అద్దె కట్టాలి. అంటే రెండువైపులా ఏ వ్యాగన్ ఆగినా నష్టం మధ్యలో ఉన్న యార్డుకే.

పైగా రెండు వైపుల వ్యాగన్ల సైజులు ఒకటి కాదు. ఈస్ట్ బ్రాడ్ టాప్ 1913 నుంచి పూర్తిగా ఉక్కుతో చేసిన హాపర్ వ్యాగన్లు (అడుగు తలుపులు తెరిస్తే సరుకు కిందికి జారేవి) వాడటం మొదలుపెట్టింది. వాటిలో ముఖ్యమైనవి 35 టన్నులు మోసేవి. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వాళ్ళ దగ్గర అప్పుడు ఎక్కువగా తిరిగే బొగ్గు వ్యాగన్లలో ఒక రకం 50 టన్నులది, ఇంకో రకం 70 టన్నులది. అమెరికా టన్ను మన టన్ను కంటే తక్కువ, 907 కిలోలే. కానీ నిష్పత్తి అదే కదా. 70 టన్నుల వ్యాగన్ వస్తే రెండు చిన్నవి సరిగ్గా సరిపోతాయి. 50 టన్నులది వస్తే ఒకటీ, దానికి తోడు రెండోదాంట్లో సగం కంటే కాస్త తక్కువా పోయాలి. మూడు చిన్నవాటిని రెండు పెద్దవాటిలో సర్దుదామంటే ఐదు టన్నులు మిగులుతాయి. ఇవాళ ఏ రకం ఖాళీలు ఇస్తారో పక్క రైల్వే చేతిలో ఉంటుంది. నేరుగా ఒక వ్యాగన్ లోంచి ఇంకో వ్యాగన్ లోకి పోసే పద్ధతిలో ఈ తేడాలన్నీ షంటింగ్ (యార్డులో వ్యాగన్లని అటూ ఇటూ జరపడం) మీద పడతాయి. సగం ఖాళీ అయిన వ్యాగన్ని పక్కకి తీసి, మళ్ళీ తెచ్చి, మళ్ళీ పెట్టాలి. ఆవిరి ఇంజన్ విషయంలో ఇంకోటి కూడా ఉంది. అది కదిలినా కదలకపోయినా బొగ్గు కాలుతూనే ఉంటుంది, నీళ్ళు ఆవిరవుతూనే ఉంటాయి, ఫైర్‌మన్ షిఫ్టు నడుస్తూనే ఉంటుంది.

బొగ్గుకి మరో నష్టం కూడా ఉంది. ఎత్తి పోసిన ప్రతిసారీ పెద్ద ముక్కలు పగిలి పొడి పెరుగుతుంది. పెద్ద ముక్కలకి వచ్చే ధర పొడికి రాదు. సింగరేణి ప్రాంతంవాళ్ళకి ఈ సంగతి ఇంకా బాగా తెలుసు.

వాషరీని ఎక్కడ కట్టాలి?

ఈ కేసులో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆకట్టుకున్న నిర్ణయం ఇదే. గనిలో తవ్విన బొగ్గుని రాయి, మట్టి కలిసి ఉన్నది ఉన్నట్టు అమ్మే రోజులు 1920ల నాటికి తగ్గుతూ వస్తున్నాయి. కొనేవాళ్ళు శుభ్రమైన బొగ్గు, సైజులవారీగా వేరుచేసింది అడుగుతున్నారు. కాబట్టి కంపెనీకి వాషరీ, అంటే బొగ్గు కడిగి శుభ్రం చేసే కర్మాగారం, కావాలి. దాన్ని 1927లో మౌంట్ యూనియన్‌లో కట్టారు, గనుల దగ్గర కాదు.

మామూలుగా ఆలోచించే ఎవరైనా గని దగ్గరే కట్టమంటారు. రాయిని 50 కిలోమీటర్లు మోసుకొచ్చి ఇక్కడ పారబోయడం దేనికి? వందలో పది టన్నులు రాయే అనుకుందాం. ఆ పది టన్నులకీ రైలు ఊరికే మోత మోసినట్టే కదా అంటారు. నిజమే. కానీ గని దగ్గర కడితే ఏమవుతుందో యార్డువాడి కళ్ళతో చూడండి. అక్కడ బొగ్గు కడిగి, సైజులు వేరుచేసి, చిన్న గేజి వ్యాగన్లలో పోస్తారు. మౌంట్ యూనియన్‌లో ఆ తొంభై టన్నుల్నీ మళ్ళీ దింపి పెద్ద గేజిలోకి ఎక్కించాలి. ఎక్కించేటప్పుడు ముక్కలు పగులుతాయి, డబ్బు పెట్టి వేరుచేసిన సైజులు మళ్ళీ పాడవుతాయి. పైగా పెన్సిల్వేనియా చలికాలంలో కడిగిన తడి బొగ్గు వ్యాగన్‌లో గడ్డకట్టుకుపోతే అడుగు తలుపులు తెరిచినా కిందికి జారదు. ఆ తడి బొగ్గుతో కుస్తీ మొత్తం గేజి మారే యార్డులోనే పట్టాలి.

వాషరీని గేజి గీత మీదే కట్టేసరికి ఈ పని మొత్తం మాయమైంది. చిన్న గేజి హాపర్ వచ్చి వాషరీ గుంటలో బొగ్గు వదిలేస్తుంది. బొగ్గు లోపల శుభ్రపడి, సైజులుగా విడిపోయి, అవతలి వైపు పెద్ద గేజి వ్యాగన్‌లో పడుతుంది. బొగ్గుని ఎలాగూ ఒకసారి దింపాలి, ఎలాగూ ఒకసారి ఎక్కించాలి. ఆ రెండు పనుల మధ్యే గేజి మారిపోయింది. గేజి మార్పు కోసం విడిగా ఒక్క మనిషిని పెట్టక్కర్లేదు. పది టన్నుల రాయి మోత అంటారా, రాబర్ట్స్‌డేల్ నుంచి మౌంట్ యూనియన్‌కి మధ్యలో ఎత్తుపల్లాలున్నా మొత్తం మీద దిగుడే. లోడుతో దిగే బండికి ఆ అదనపు బరువు అయ్యే ఖర్చు, తొంభై టన్నుల్ని రెండోసారి చేతులు మార్చే ఖర్చు ముందు చిన్నది.

యార్డు మాస్టర్‌కి దక్కిన మేలు ఇంకొకటుంది. వాషరీలో బొగ్గు నిలవ ఉండే గుంటలు, బంకర్లు ఉంటాయి. దాంతో 35 టన్నుల వ్యాగన్, 50 టన్నుల వ్యాగన్ ఒకదానికొకటి ఎదురెదురుగా నిలబడాల్సిన అవసరం పోయింది. ఇవతల చిన్న బండి తన టైముకి వచ్చి ఖాళీ చేసుకుని వెళ్ళిపోతుంది. అవతల పెద్ద గేజి ఖాళీలు తమ టైముకి వచ్చి నింపుకుంటాయి. రెండు రైల్వేల టైంటేబుళ్ళు ఒకదాని కాలికి ఒకటి కట్టేసి ఉండవు. గేజి మారే చోట పనిచేసిన ఎవరైనా ఈ ఒక్క సౌకర్యం కోసం ఎంతైనా ఇచ్చేవారు. గుంతకల్లు లాంటి చోట్ల మనకి ఈ అవకాశం లేకపోయింది. ఎందుకంటే మన దగ్గర దాటే సరుకు ధాన్యం, సిమెంటు, పత్తి, నూనెలు, పార్శిళ్ళు. వాటికి మధ్యలో చేయాల్సిన పని ఏదీ లేదు, దింపి ఎక్కించడమే పని.

మూడు పట్టాల మీద షంటింగ్

మౌంట్ యూనియన్ యార్డులో చాలా లైన్లు మూడు పట్టాలవి. ఒక పట్టా రెండు గేజిలకీ ఉమ్మడి. మిగతా రెండింటిలో ఒకటి చిన్న గేజిది, ఒకటి పెద్ద గేజిది. కాగితం మీద చూడటానికి చాలా సులువుగా కనిపిస్తుంది. పాయింట్ల (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్ళించే చోట్ల) దగ్గరికి వచ్చేసరికి అసలు సంగతి తెలుస్తుంది. ప్రతి పాయింటులో రెండు గేజిల చక్రాలకీ విడివిడిగా దారి ఇవ్వాలి, క్రాసింగ్‌లు పెరుగుతాయి, నిర్వహణ పెరుగుతుంది. ఉమ్మడి పట్టా ఒక లైన్లో కుడివైపు ఉండి ఇంకో లైన్లో ఎడమవైపు ఉంటే ఆ రెంటినీ కలపడం మరీ చిక్కు.

అంతకంటే చిక్కు కప్లర్లది, అంటే వ్యాగన్లని ఒకదానికొకటి తగిలించే కొక్కేలది. ఒక పట్టా ఉమ్మడి కాబట్టి రెండు గేజిల వ్యాగన్ల మధ్యరేఖలు ఒకే చోట ఉండవు. లెక్క వేస్తే, 1435లో 914 తీసేసి సగం చేస్తే, 260 మిల్లీమీటర్ల తేడా. అంటే పెద్ద గేజి ఇంజన్ ముందు చిన్న గేజి వ్యాగన్ నిలబడితే వాటి కప్లర్లు దాదాపు జానెడు కంటే ఎక్కువ పక్కకి తప్పుకుని ఉంటాయి. ఎత్తులోనూ తేడా ఉంది. అమెరికా నిబంధనల ప్రకారం స్టాండర్డ్ గేజి వ్యాగన్ కప్లర్ ఎత్తు పట్టా మీద నుంచి గరిష్ఠంగా 34½ అంగుళాలు, మూడడుగుల గేజికి గరిష్ఠంగా 26 అంగుళాలు. అంటే ఎత్తులో ఇంకో ఎనిమిదిన్నర అంగుళాలు. కిందికీ పక్కకీ రెండు తేడాలు ఒకేసారి.

దీనికి వాళ్ళు ఎంచుకున్న దారి నాకు బాగా నచ్చింది. మౌంట్ యూనియన్‌లో షంటింగ్‌కి ఆరు చక్రాల పెద్ద గేజి ఇంజన్లు రెండు ఉంచారు, నంబర్లు 3, 6. వాటికి రెండు గేజిల వ్యాగన్లనూ పట్టుకునేలా కప్లర్లు అమర్చారు. ఒకే ఇంజన్ ఒకే లైను మీద చిన్న వ్యాగన్లనూ తోస్తుంది, పెద్ద వ్యాగన్లనూ తోస్తుంది. రెండు గేజిలకి రెండు షంటింగ్ ఇంజన్లు పెట్టి, ఒకటి పనిచేస్తుంటే ఇంకోటి మండుతూ నిలబడే పరిస్థితి తప్పింది.

ఇంకా ముఖ్యమైన ఫలితం లైను ఇంజన్ల మీద పడింది. గనుల వైపు నుంచి లోడు తెచ్చిన చిన్న గేజి ఇంజన్ తన వ్యాగన్లు వదిలేసి, ఖాళీలు పట్టుకుని వెనక్కి వెళ్ళిపోవచ్చు. వాషరీలో వ్యాగన్లు పెట్టడం, తీయడం, ఇటుక ఫ్యాక్టరీలకి చేర్చడం యార్డు ఇంజన్ చూసుకుంటుంది. లైను ఇంజన్ యార్డులో నిలబడే ప్రతి గంటా ఆ లైను మొత్తం సామర్థ్యంలోంచి పోతుంది. చిన్న రైల్వేకి ఉండేవే ఐదారు పెద్ద ఇంజన్లు, కాబట్టి ఆ గంట విలువ ఇంకా ఎక్కువ.

దూలాల క్రేన్ చేసిన రెండో పని

బొగ్గు సంగతి వాషరీతో తేలిపోయింది. మరి మిగతా సరుకు? ఆర్బిసోనియా వైపు ఊళ్ళకి వచ్చే సామాన్లు, యంత్రాలు, గనులకి కావలసినవి పెద్ద గేజి వ్యాగన్లలో వస్తాయి. వాటికి వాషరీ లాంటి మధ్య పని ఏమీ లేదు.

యార్డులో దూలాలు, దుంగలు ఒక గేజి వ్యాగన్ నుంచి ఇంకో గేజి వ్యాగన్‌కి మార్చడానికి కట్టిన గ్యాంట్రీ క్రేన్ ఒకటి ఉండేది. టింబర్ ట్రాన్స్‌ఫర్ అనేవారు. 1930ల మొదట్లో దాన్ని కొత్త పనికి వాడటం మొదలుపెట్టారు. సరుకుని కదపకుండా వ్యాగన్‌నే ఎత్తి, కింద బోగీలు (చక్రాలు బిగించిన ఫ్రేములు) మార్చేయడం. వ్యాగన్ ఒక చివర ఎత్తుతారు, పెద్ద గేజి బోగీని బయటికి దొర్లిస్తారు, చిన్న గేజి బోగీని లోపలికి తోస్తారు, దించుతారు. తర్వాత రెండో చివర. అమెరికన్ గూడ్స్ వ్యాగన్ బాడీ బోగీ మధ్యలోని ప్లేటు మీద తన బరువుతోనే కూర్చుని ఉంటుంది, మధ్యలో ఒక పిన్ను మాత్రం ఉంటుంది. బ్రేకు రాడ్లు విప్పితే చాలు, బాడీ ఎత్తితే లేచి వస్తుంది. ఒక వ్యాగన్ సామాను మొత్తం దింపి ఎక్కించడంతో పోలిస్తే ఇది చాలా చిన్న పని. పగలడం, పోవడం, లెక్క తగ్గడం అనే గొడవలూ ఉండవు.

ఊరికే వచ్చే సుఖం కాదది. పెద్ద గేజి వ్యాగన్ బాడీ వెడల్పు సుమారు మూడు మీటర్లు. దాని కింద పట్టాల మధ్య దూరం 914 మిల్లీమీటర్లు అయ్యేసరికి రెండు పక్కలా మీటరుకు పైగా బాడీ బయటికి వేలాడుతుంది. సొంత గేజి మీద ఉన్నప్పుడు అది 80 సెంటీమీటర్ల లోపే. మలుపుల్లో ఒరుగుతుంది, స్పీడు పెంచడానికి వీల్లేదు, ట్రాక్ లెవెల్ బాగుండాలి. ఎత్తు తేడా వల్ల మిగతా చిన్న వ్యాగన్లతో కలపడానికి కప్లర్ దగ్గర ప్రత్యేక ఏర్పాటు కావాలి. మంచి ట్రాక్ నిర్వహణ లేని చిన్న రైల్వే ఎవరూ ఇలాంటి పనికి పూనుకోకూడదు. ఈస్ట్ బ్రాడ్ టాప్ పూనుకోగలిగిందంటే తన ట్రాక్ మీద దానికి నమ్మకం ఉన్నట్టే.

ఆపరేటింగ్ మనిషిగా నాకు కనిపించే ఇంకో కోణం రికార్డులది. వ్యాగన్ కొండల్లోకి వెళ్ళిపోతే దాని సొంత బోగీలు మౌంట్ యూనియన్‌లోనే మిగిలిపోతాయి. ఆ బోగీలు పక్క రైల్వే ఆస్తి. వ్యాగన్ తిరిగి వచ్చినప్పుడు అవే దాని కింద చేరాలి. చిన్న గేజి బోగీల స్టాకు కూడా సరిపడా ఉండాలి, లేకపోతే ఖాళీ బోగీలు కొండల్లోంచి తిరిగొచ్చేదాకా కొత్త వ్యాగన్ ఎత్తలేం. అద్దె మీటరు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. క్రేన్ ఎంత బలమైనదైనా ఈ రిజిస్టరు సరిగ్గా లేకపోతే ఆ యార్డు గడ్డకడుతుంది. నేను ఆ యార్డుకి ఇన్‌చార్జ్ అయితే మొదటి రోజు అడిగేది క్రేన్ కెపాసిటీ కాదు, బోగీల పుస్తకం.

షెడ్డు మధ్యలో ఉండటం

మౌంట్ యూనియన్ యార్డు ఇంత తేలిగ్గా నడవడానికి ఒక కారణం అక్కడ లేని ఒక వస్తువు. చిన్న గేజి ఇంజన్ల ప్రధాన షెడ్డు అక్కడ లేదు. అది ఆర్బిసోనియా పక్కనే ఉన్న రాక్‌హిల్‌లో ఉంది. ఎనిమిది గదుల రౌండ్‌హౌస్ (ఇంజన్లు నిలిపే వంపు షెడ్డు), మనుషులు చేత్తో తోసి తిప్పే టర్న్‌టేబుల్ (ఇంజన్ని ఇటు నుంచి అటు తిప్పే వేదిక), దాని పక్కన మెషిన్ షాపు, కమ్మరి షాపు, ఫౌండ్రీ. మెషిన్ షాపులో ఒక ఆవిరి ఇంజన్ తిప్పే పొడవాటి షాఫ్టు నుంచి బెల్టులతో ప్రతి యంత్రానికీ శక్తి అందేది. ఆ షాపుల్లోనే తమ ఉక్కు హాపర్లు తామే కట్టుకున్నారు. 1927లో బ్రిల్, వెస్టింగ్‌హౌస్ కంపెనీల భాగాలు తెప్పించి ఒక పెట్రోల్ ఎలక్ట్రిక్ రైలు కారు కూడా అక్కడే జోడించారు, దాన్ని ఎం-1 అంటారు.

షెడ్డు ఎక్కడ ఉందో చూడండి. ఉత్తరం వైపు మౌంట్ యూనియన్ 18 కిలోమీటర్లు, దక్షిణం వైపు రాబర్ట్స్‌డేల్ 30 కిలోమీటర్ల పైచిలుకు. మధ్యలో షెడ్డు ఉంటే ఏ వైపు వెళ్ళిన ఇంజనైనా అదే రోజు ఇంటికి తిరిగొస్తుంది. ఒకే సిబ్బంది వెళ్ళి వస్తారు, బయట రన్నింగ్ రూమ్ (సిబ్బంది బస చేసే గది) అక్కర్లేదు. అమెరికాలో 1907 చట్టం రైలు సిబ్బంది పని గంటలకి 16 గంటల పరిమితి పెట్టింది. చివర షెడ్డు ఉన్న లైనుకి అది ఇబ్బంది, ఈ లైనుకి కాదు. బూడిద దులపడం, బాయిలర్ కడగడం, రిపేర్లు అన్నీ రాక్‌హిల్‌లో. మౌంట్ యూనియన్‌లో స్థలం అంతా వ్యాగన్లకే. గేజి మారే యార్డులో షెడ్డు కూడా ఇరికిస్తే రెండు పనులూ ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. ఆ తప్పు చేసిన యార్డులు మన దేశంలోనూ ఉన్నాయి.

లైను ఇంజన్ల గురించి ఒక్క మాట. ఫిలడెల్ఫియాలోని బాల్డ్‌విన్ కంపెనీ 1911 నుంచి 1920 మధ్య ఇచ్చిన మికాడో ఇంజన్లు ఆరు, నంబర్లు 12, 14, 15, 16, 17, 18. ముందు రెండు, మధ్యలో ఎనిమిది, వెనక రెండు చక్రాల అమరిక. మన బ్రాడ్‌గేజి డబ్ల్యూజీ, మీటర్‌గేజి వైజీ గూడ్స్ ఇంజన్లది కూడా ఇదే అమరిక. ఆ ఆరూ ఇప్పటికీ ఉన్నాయి.

1956లో ఆగింది ఎందుకు?

ఇంత బాగా నడిచిన యార్డు ఉన్నా లైను 1956 ఏప్రిల్‌లో మూతపడింది. చిన్న గేజి కావడం వల్లే మూతపడిందని చాలామంది తేలిగ్గా అనేస్తారు. నేను ఒప్పుకోను. గేజి మార్పు ఖర్చుని వాషరీ, క్రేన్, రెండు కప్లర్ల ఇంజన్లు కలిసి చాలావరకు తగ్గించేశాయి. పోయింది బొగ్గు కొనేవాళ్ళు. ఇళ్ళు చమురుకీ గ్యాసుకీ మారిపోయాయి. రైల్వేలు డీజిల్‌కి మారాయి. పక్కనే ఉన్న పెన్సిల్వేనియా రైల్‌రోడ్ 1957లో తన ఆవిరి ఇంజన్లన్నీ ఆపేసింది. ఆ రోజుల్లో పెద్ద గేజి బొగ్గు బ్రాంచి లైన్లు కూడా మూతపడ్డాయి, వాటికి గేజి సమస్యే లేదు.

లైనుని పెద్ద గేజికి మార్చి ఉంటే బతికేదా? రెండు సొరంగాలు వెడల్పు చేయాలి, వంతెనలు బలపరచాలి, మలుపులు సడలించాలి. పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఎన్నో ఏళ్ళ బొగ్గు కావాలి, ఆ బొగ్గుకే గిరాకీ లేదు. ఒకే సరుకు మీద ఆధారపడ్డ లైనుకి యార్డు చేయగలిగే సాయానికి ఒక హద్దు ఉంటుంది.

మిగిలిందేమిటి

మూసేసిన లైనుని పాత ఇనుము వ్యాపారం చేసే కోవల్చిక్ కంపెనీ కొన్నది. పట్టాలు పీకి అమ్మేస్తారని అందరూ అనుకున్నారు, కానీ వాళ్ళు అలా చేయలేదు. 1960లో ఆర్బిసోనియా ఊరి ఉత్సవాలకి కొన్ని కిలోమీటర్ల మేర మళ్ళీ ఆవిరి రైలు నడిపారు. అది ఏటా నడిచే సందర్శకుల రైలైంది. 1964లో జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు వచ్చింది. 2011 తర్వాత ఆగిపోయింది. 2020లో ఒక ఫౌండేషన్ కొని బాగుచేయడం మొదలుపెట్టింది, 2023లో 16వ నంబరు ఇంజన్ మళ్ళీ ఆవిరి పట్టింది.

అలా రాక్‌హిల్ రౌండ్‌హౌస్, బెల్టులతో తిరిగే మెషిన్ షాపు చాలావరకు ఉన్నవి ఉన్నట్టే దక్కాయి. మౌంట్ యూనియన్ యార్డుకి ఆ అదృష్టం లేదు. సందర్శకుల రైలు అక్కడిదాకా రాలేదు, వాషరీ పోయింది, పాత హాపర్లు దశాబ్దాల పాటు చెట్ల మధ్య నిలబడిపోయాయి. ఇంజన్లనీ షెడ్లనీ చూడటానికి జనం వస్తారు కాబట్టి వాటిని కాపాడటానికి ఎవరో ఒకరు ముందుకొస్తారు. సరుకు చేతులు మారిన చోటుని చూడటానికి ఎవరూ రారు. రైల్వే తెలివి ఎక్కువగా ఖర్చయిన చోటు మాత్రం అదే.

మన దగ్గర లైన్లని బ్రాడ్‌గేజికి మార్చే యూనిగేజ్ ప్రాజెక్టు 1992లో మొదలైన తర్వాత ట్రాన్స్‌షిప్‌మెంట్ యార్డులు ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. వాటి డ్రాయింగులు ఆఫీసుల్లో దొరకొచ్చు. పని ఎలా నడిచిందో డ్రాయింగులో ఉండదు. నౌపడలోనో గుంతకల్లులోనో ఆ కాలంలో పాయింట్స్‌మన్‌గా, షంటింగ్ జమాదారుగా, గూడ్స్ క్లర్కుగా పనిచేసిన పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఉంటే దగ్గర కూర్చుని అడగండి. ఏ లైన్లో ఏ బండి తీసుకునేవారు, ఖాళీలు తక్కువైన రోజు ముందు ఏ సరుకు దింపేవారు, వాన పడితే పత్తి బేళ్ళు ఎక్కడ పెట్టేవారు, పక్క గేజివాళ్ళతో పేచీ వస్తే ఎవరి మాట చెల్లేది. లైన్ల బొమ్మ కాగితం మీద గీయించండి, గీసేటప్పుడు వాళ్ళు చెప్పింది ఫోన్లో రికార్డు చేయండి.